లె హావ్ర్ నగరమందలి పునీత జోజప్ప దేవాలయము

దూరప్రయాణము చేసి అలసి వచ్చు బాటసారికి మన సీమలో మొదట కానవచ్చునది ఊరి గుడి గోపురము. దానిని చూచిన తరువాతనే ఊరు దగ్గరపడినదని అతడు ధైర్యము తెచ్చుకొనును. సముద్రప్రయాణము చేయువారికి ఇట్టి ధైర్యము నిచ్చునది రేవులోని దీపస్తంభము. ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమున సీన్ నది ఇంగ్లీషు చానెల్‌లో కలియు చోట లె హావ్ర్ అను రేవుపట్టణము కలదు. అచ్చటికి ఓడలో వచ్చువారికి గోపురమును దీపస్తంభమును ఒక్కటిగా కనుపించును. సుమారు 107 మీటర్ల ఎత్తున, ఎనిమిది పలకలతో, బూడిదవన్నెతో ఆకాశమున నిలిచియున్న ఆ కట్టడము పునీత జోజప్ప పేర వెలసిన కథోలిక విచారణ దేవాలయపు గోపురము. రెండవ ప్రపంచయుద్ధమున నేలమట్టమైన ఊరు మరల లేచి నిలిచినదనుటకు అది గుర్తు. ఆ యుద్ధమున మరణించిన పౌరులకు అది స్మారకచిహ్నము.

అది రాతికట్టడము కాదు, ఇటుకకట్టడమును కాదు. నేడు మన పల్లెలలో వంతెనలకును, నీళ్ల ట్యాంకులకును, ఇండ్ల శ్లాబులకును వాడు సిమెంటు కాంక్రీటుతోనే అది అడుగునుండి కొనవరకు కట్టబడినది. ఇంత సామాన్యమైన వస్తువుతో ఇంత గంభీరమైన కట్టడ మెట్లు సాధ్యమైనది, ఆ నగర మెందులకు అట్టి దానిని కోరుకొన్నది అను రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ దేవాలయ చరిత్ర.

నగరము – దాని నాశనము

లె హావ్ర్ అను మాటకు రేవు అనియే అర్థము. 1517లో మొదటి ఫ్రాన్సిస్ రాజు దీనిని స్థాపించెను. తరువాతి శతాబ్దములలో ప్రత్తి, కాఫీ మొదలగు సరకులు దిగుమతియగు గొప్ప వర్తకస్థానముగను, అమెరికాకు పోవు ప్రయాణపు ఓడలకు బయలుదేరు చోటుగను ఇది పేరుగాంచెను. 1940 జూన్‌లో జర్మను సేన లీ పట్టణము నాక్రమించి, రేవును కోటగా మార్చినవి. నాటినుండి నగరముపై విమానదాడులు ఆరంభమైనవి. యుద్ధము ముగియునాటికి వాని సంఖ్య నూరు దాటినది.

అన్నిటికంటె ఘోరమైన దెబ్బ 1944 సెప్టెంబరులో తగిలినది. అంతకు మూడు నెలలకు పూర్వము మిత్రరాజ్యముల సేనలు నార్మండీ తీరమున దిగియుండెను. పారిస్ నగరము ఆగస్టులోనే విముక్తి పొందెను. ముందునకు సాగుచున్న సేనలకు ఆహారము, ఇంధనము, మందుగుండు సామగ్రి దింపుటకు పెద్ద రేవులు కావలసియుండెను. అందుచేత లె హావ్ర్‌ను వెంటనే పట్టుకొనవలెనని నిశ్చయించిరి. నగరములో మిగిలియున్న పౌరులను ముందుగా బయటకు పంపుటకు వ్యవధి నిమ్మని జర్మను సేనాధిపతి కోరగా బ్రిటిష్ సేనాపతులు అంగీకరింపలేదు. సెప్టెంబరు 5, 6 తేదీలలో బ్రిటిష్ విమానములు కురిపించిన బాంబులకు నగరమధ్యభాగము పూర్తిగా కూలి తగులబడెను. 10వ తేదీన మరల దాడి ప్రారంభమయ్యెను. 12వ తేదీన నగరము విముక్తి పొందెను.

ఆ వారము దినములలో రమారమి రెండువేలమంది పౌరులు మరణించిరి. యుద్ధకాలమంతయు కలిపి చూచిన మృతుల సంఖ్య సుమారు ఐదువేలు; ఇండ్లు కోల్పోయినవారు 80 వేలు; కూలిన కట్టడములు 12,500. పునీత జోజప్ప పేరనున్న పాత దేవాలయమును ఈ శిథిలములలోనే కలిసిపోయెను.

ఈ దుఃఖమున కొక విశేషము కలదు. శత్రువు చేతిలో చచ్చినవారిని వీరులని పొగడవచ్చును. శత్రువును నిందించి మనసు తేలిక చేసికొనవచ్చును. లె హావ్ర్ ప్రజల కా ఊరట లేకపోయెను. వారి ఇండ్లను కూల్చినవారు వారిని విడిపించుటకు వచ్చిన మిత్రులే. ఊరిలో ప్రవేశించిన విమోచకులకు జయధ్వానములకంటె ఎక్కువగా మౌనమే స్వాగతము పలికెను. స్వాతంత్ర్యమునకు కృతజ్ఞత చూపవలెను, మృతులకొరకు విలపింపవలెను. రెండును ఒక్క నోటితో చేయుట ఎట్లు? ఈ నగరమునకు కావలసిన స్మారకచిహ్నము ఎవరిని నిందించినను అసత్యమగును, ఏమియు జరుగనట్లు నటించినను అసత్యమే యగును.

శిల్పి

నగర పునర్నిర్మాణభారమును ఫ్రెంచి ప్రభుత్వము 1945లో ఓగుస్త్ పెరే అను వాస్తుశిల్పి కప్పగించెను. అప్పటి కాయనకు 71 ఏండ్లు. 1874లో బ్రస్సెల్స్ నగరపు పొలిమేరలో జన్మించిన పెరే ఒక మేస్త్రీ కుమారుడు. తండ్రి 1871 నాటి పారిస్ కమ్యూను తిరుగుబాటులో పాల్గొని ప్రవాసమున కేగినవాడు. తరువాత కుటుంబము పారిస్ చేరి కట్టడపు పనులు చేసెను. ఓగుస్త్‌యు, ఆయన తమ్ములును ఆ వృత్తిలోనే పెరిగిరి. కాబట్టి ఆయనకు కాగితముపై గీయు విద్యతోపాటు, కంకరను ఇసుకను కలుపు విద్యయు బాల్యమునుండి అలవడెను.

ఆ కాలమున కాంక్రీటును గిడ్డంగులకును యంత్రశాలలకును తగిన వస్తువుగా భావించెడివారు. మంచి కట్టడములలో దానిని వాడవలసివచ్చిన, పైన రాతిపలకలతో గాని పూతతో గాని కప్పివేసెడివారు. పెరే ఆ పద్ధతిని నిరసించెను. కంకరను ఎంచుటలోను, పాళ్లు కలుపుటలోను, పోయుటలోను శ్రద్ధ చూపినచో కాంక్రీటు రాతికి ఏవిధముగను తీసిపోదని ఆయన విశ్వాసము. భారము మోయు స్తంభమును దాచుట తప్పనియు, మోయని స్తంభమును నిలుపుట అంతకంటె తప్పనియు ఆయన సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమును ఆయన దేవాలయమునకు వర్తింపజేసినది మొదటి ప్రపంచయుద్ధానంతరము. పారిస్ సమీపమున రెన్సీ అను ఊరిలో, మార్న్ ప్రాంతపు పోరాటములో మడిసిన సైనికుల స్మృత్యర్థము, 1922–23లో విచారణ దేవాలయ మొకటి నిర్మింపవలసి వచ్చెను. విచారణవారి యొద్ద ధనము తక్కువ. పెరే సోదరులు సన్నని కాంక్రీటు స్తంభములు నిలిపి, వాని నడుమ గోడలకు బదులు కాంక్రీటు జాలకములు బిగించి, వానిలో రంగుటద్దములు పొదిగించిరి. పని రమారమి ఏడాదిలో ముగిసెను. 1926లో పారిస్‌లో పునీత జోన్ ఆఫ్ ఆర్క్ దేవాలయమునకు జరిగిన పోటీకి పెరే 200 మీటర్ల గోపురముతో ఒక నమూనా పంపెను. అది ఎన్నిక కాలేదు. ఆ నమూనాలోని భావమే పాతికేండ్లకు, కొంత తగ్గిన ఎత్తుతో, లె హావ్ర్‌లో రూపము దాల్చెను.

పెరే ప్రభావము మన దేశమునకును చేరినది. చండీగఢ్ నగరమును రూపొందించిన లె కార్బూజియె తన యౌవనమున, 1908–09లో, పెరే కార్యాలయమున పని నేర్చినవాడు. రెన్సీ దేవాలయమును చూచి టోక్యోలోని ఒక కళాశాలకు ప్రార్థనాలయము కట్టిన ఆంటొనిన్ రేమండ్ అను శిల్పియే, పాండిచేరిలోని అరవిందాశ్రమమునకు పూతలేని కాంక్రీటుతో వసతిగృహము నిర్మించెను. హైదరాబాదు సంస్థాన దివాను సర్ అక్బర్ హైదరీ మూలమున లభించిన విరాళమునకు గుర్తుగా దానికి మన గోలకొండ పేరు పెట్టిరి.

నిర్మాణము

యుద్ధమున నష్టపోయిన ఆస్తులకు ప్రభుత్వము పరిహార మీయవలెనని ఫ్రాన్సులో 1946లో శాసనము చేసిరి. ఇండ్లకు, దుకాణములకు వలెనే కూలిన దేవాలయములకును ఈ పరిహారము లభించెను. అట్టి ఆధారముండుటచేతనే ఒక విచారణకు ఇంత పెద్ద కట్టడము సాధ్యమైనది. 1951 అక్టోబరు 21న శంకుస్థాపన జరిగెను.

అప్పటికి నగరములో వేలకొలది కుటుంబములు చెక్కగుడిసెలలో, సైనికులు విడిచిపోయిన శిబిరములలో కాలము గడుపుచుండెను. ఇండ్లు లేనివారు ఇందరుండగా ఆకాశము నంటు గోపురమేల అని అడుగుటలో అన్యాయము లేదు. అయితే ఇండ్ల నిర్మాణమును ఆపి దేవాలయము కట్టలేదు. పెరే ఆధ్వర్యమున నగరమంతయు 6.24 మీటర్ల కొలతను ప్రమాణముగా గైకొని, ఒకే తీరు దూలములతో స్తంభములతో వరుసవరుసలుగా పైకి లేచుచుండెను. కూలిన ఇండ్ల శకలములను నూరి కొంతవరకు క్రొత్త కట్టడములలో కలిపిరి. దేవాలయమును ఆ పనిలో ఒక భాగము. ఇండ్లు కట్టిన వస్తువుతోనే, అదే శిల్పి పర్యవేక్షణమున, దేవునిల్లును కట్టబడినది.

సముద్రపు ఒండ్రు నేలయందు ఇంత బరువును నిలుపుటకు లోతైన పునాదులు అవసరమైనవి. భూమిలోనికి స్తంభములు దిగగొట్టి వానిపై కట్టడము లేపిరి. మొత్తము కట్టడమున సుమారు 50 వేల టన్నుల కాంక్రీటు, 700 టన్నుల ఉక్కు చేరినవి. దేవాలయపు అడుగుభాగము రమారమి 40 మీటర్ల చదరము. లోపల నాలుగు మూలల, మూలకు నాలుగు చొప్పున, పదునారు చతురస్ర స్తంభములు గోపురభారమును మోయుచున్నవి. స్తంభముల తలలనుండి ఏటవాలుగా లేచిన దూలములు నలుపలకల అడుగును ఎనిమిది పలకల గోపురముగా మార్చును. ఏ దూలము ఏ బరువును ఎచ్చటికి చేర్చుచున్నదో క్రింద నిలిచి తలయెత్తి చూచిన సామాన్యునికిని బోధపడును. కప్పుటకు పూత లేదు, అలంకరించుటకు శిల్పములు లేవు.

పెరే ఈ దేవాలయము పూర్తియగుట చూడలేదు. 1954 ఫిబ్రవరి 25న ఆయన తన 80వ ఏట పారిస్‌లో మరణించెను. ఆయన సహచరులు రేమాన్ ఓదిజియే, జార్జ్ బ్రోషార్ మొదలగువారు పని కొనసాగించి 1957 నాటికి ముగించిరి. 1964లో దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

బలిపీఠము, వెలుగు

పాత పద్ధతిని కట్టిన దేవాలయములలో బలిపీఠము తూర్పుకొనన, విశ్వాసులకు దూరముగా నుండును. ఇచ్చట బలిపీఠము సరిగా గోపురము క్రింద, దేవాలయ మధ్యమున కలదు. ప్రజలు దాని చుట్టును కూర్చుందురు. రంగస్థలపు ఆసనములవంటి కొయ్యకుర్చీ లమర్చబడినవి. దివ్యబలిపూజలో విశ్వాసులందరును పాల్గొనవలెనని 1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ శాసించెను. ఈ దేవాలయపు నమూనా అంతకు పదిసంవత్సరములకు పైగా ముందు గీయబడినది. పూజావిధానమును సంస్కరింపవలెనని ఐరోపాలో అప్పటికే సాగుచున్న ఆలోచనలు ఇందు ప్రతిఫలించినవి. మృతులను స్మరించుటకు వచ్చినవారు ఒకరి ముఖ మొకరు చూచుకొనునట్లు కూర్చుండుటలో మరియొక ఔచిత్యమును గలదు. దుఃఖము అందరిదియు, దానిని భరించుటయు అందరు కలిసియే.

వెలుపలినుండి బూడిదవన్నెతో, కొంత కఠినముగా తోచు ఈ కట్టడపు అంతరంగము లోనికి పోయినవారికే తెలియును. గోడలలోను, గోపురమున పైకొసవరకును, కాంక్రీటు జాలకములలో 12,768 రంగుటద్దములు పొదుగబడినవి. ఇవి మార్గరీత్ ఉరే అను కళాకారిణి కూర్చినవి. రెన్సీ దేవాలయపు అద్దముల పనియు ఈమెదే. సాధారణముగా దేవాలయపు కిటికీలలో పునీతుల రూపములు, వేదకథలు చిత్రింపబడును. ఇచ్చట ఒక్క రూపమును లేదు. ఉన్నది రంగు మాత్రమే. ఆకుపచ్చ, ఊదా మున్నగు చల్లని వన్నెలు ఉత్తరపు వైపునకును, నారింజ, బంగారు మున్నగు వెచ్చని వన్నెలు దక్షిణ పశ్చిమములకును ఆమె పంచెను. క్రింద గాఢముగా నున్న రంగులు పైకి పోవుకొలది పలుచనై, శిఖరమున తెలుపునకు సమీపించును.

సూర్యుడు తిరుగుచున్నకొలది ఈ రంగులు స్తంభములపైని, నేలపైని, కూర్చున్నవారి దుస్తులపైని మెల్లగా జరుగుచుండును. ఉదయమున ఒక తీరు, మధ్యాహ్నమున వేరొక తీరు. సముద్రముపై మబ్బుపట్టిన దినమున అన్నియు చల్లారి, మబ్బు విడిన క్షణమున మరల వెలుగును. పూతలేని కాంక్రీటు ఏల కావలసెనో ఇచ్చట స్పష్టమగును. తనకై ఏ మెరుగును లేని గోడయే తనపై బడిన ప్రతి రంగును నిండుగా చూపగలదు. అగ్నిలో కాలిన ఊరిలో, ఆకాశమునుండి మృత్యువు కురిసిన చోట, ఆకాశమునుండి వెలుగు దిగివచ్చునట్లు కట్టిన ఈ గోపురము శాసనపాఠముల అవసరము లేకయే తన భావమును తెలుపుచున్నది.

జోజప్ప పేరు

ఈ దేవాలయమునకు పాలకపునీతుడైన జోజప్ప వృత్తిచేత వడ్రంగి. కథోలిక సంప్రదాయమున ఆయన పనివారికి రక్షకుడు. మంచి మరణమునకును రక్షకుడు. యేసు, మరియమ్మల సమక్షమున ఆయన కన్నుమూసెనని పెద్దలు చెప్పుదురు గనుక మరణకాలమున ఆయన సహాయమును వేడుకొందురు. ఆకస్మికముగా, చీకటిలో, ఆత్మీయులు దగ్గర లేక చనిపోయిన వేలమంది స్మృతికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. దేవాలయము కట్టుచుండగానే, 1955లో, పన్నెండవ పయస్ పోపు మే 1వ తేదీని శ్రామికుడైన జోజప్ప పండుగగా ప్రకటించెను.

వడ్రంగికిని కాంక్రీటుకును మరియొక చుట్టరికము కలదు. మెత్తని కాంక్రీటు నిలువవలెనన్న ముందు సెంట్రింగు కావలెను. వడ్రంగులు చెక్కలతో అచ్చు కట్టి, చువ్వలు పేర్చి, కాంక్రీటు పోసి, అది గట్టిపడిన తరువాత చెక్కలు విప్పుదురు. చెక్క పోవును, దాని కొలతయు, అతుకుల గీతయు కాంక్రీటుపై మిగులును. కాంక్రీటు కట్టడము స్వరూపమున వడ్రంగిపనియే యని పెరే తరచుగా భావించెడివాడు. కావున ఈ గోపురము ఆపాదమస్తకము పేరులేని వడ్రంగుల చేతిపనికి అచ్చు. జోజప్ప పేరిట ఇంతకంటె సార్థకముగా మరియొక దేవాలయము కట్టుట కష్టము.

ప్రజల తీర్పు

క్రొత్త నగరమును ప్రజలు వెంటనే ప్రేమింపలేదు. తాము పుట్టి పెరిగిన వంకర వీధులు, కొయ్యమిద్దెలు, అంగళ్ల సందడి మనసున మెదలుచుండగా, సూటియైన వెడల్పు వీధులును, ఒకే తీరు కాంక్రీటు భవనములును వారికి పరాయివిగా తోచెను. ఫ్రాన్సులోని ఇతర ప్రాంతములవారును ఈ ఊరిని కాంక్రీటు ఊరని చులకనగా మాట్లాడిరి. పోయినదానిపై బెంగ తీరనివానికి వచ్చినదాని అందము కంటికానదు. ఇది మానవ సహజము.

అయినను కాల మొక తీర్పు చెప్పును. 1965లోనే ఈ దేవాలయమునకు చారిత్రక కట్టడముగా ప్రభుత్వరక్షణ లభించెను. పాత ఊరిని ఎరుగని తరము ఒకటి పెరిగి, ఈ వీధులలోనే ఆడుకొని, ఈ గోపురమును చూచియే దిక్కు తెలిసికొన్నది. 2005లో యునెస్కో సంస్థ పెరే పునర్నిర్మించిన నగరమధ్యమును, 133 హెక్టారుల మేర, ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను. 2017లో నగరము తన ఐదువందల ఏండ్ల పండుగ జరుపుకొన్నప్పుడు ఈ దేవాలయము ఆ ఉత్సవస్థలములలో ఒకటి. సముద్రపుగాలి ఉప్పు కాంక్రీటును తినివేయును. లోని చువ్వలు త్రుప్పుపట్టి పై పొరను పగులగొట్టును. అందుచేత ఈ కట్టడమునకు మరమ్మతులు తప్పవు. కట్టినవారి శ్రద్ధ చాలదు; కాపాడువారి శ్రద్ధయు తరతరములకు కావలెను.

ఈ దేవాలయ చరిత్రనుండి గ్రహింపదగినది రెండు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, వస్తువు సామాన్యమైనదని పని సామాన్యము కానక్కరలేదు. కంకర, ఇసుక, సిమెంటు, నీరు ప్రతి ఊరిలోను కలవు. వానిని దాచక, వానికి సిగ్గుపడక, శ్రద్ధతో వాడినవాడు వానితోనే గోపురము నిలిపెను. రెండవది, మృతులను స్మరించుటకు పగను స్మరింపనక్కరలేదు. బాంబులు వేసినవారిని గూర్చి నిందావాక్యము వినిపింపక, జరిగినదానిని మరుగుపరుపక, ఆ నగరము తన శిథిలముల నడుమ ఒక ఎత్తైన వెలుగును కట్టుకొన్నది. సముద్రముపైనుండి నేటికిని రేవు చేరువారికి మొదట కానవచ్చునది అదియే.